నీతిమంతుడి ఇల్లు

ఎడపల్లి,
సెప్టెంబరు 8.

చెల్లె ఎస్తర్‌కు,

మీ అన్న శాంతి కుమార్ ప్రేమతో రాసేది. మీ వదిన ప్రిస్కిల్లా, పిల్లలు, నేను బాగున్నాం. నిజామాబాదులో నువ్వూ, మా మేనకోడలు కెజీయా బాగున్నారని తలుస్తాను.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోన్లో నీ భర్త పేరెత్తితే చాలు, "అన్నా, పొయ్యి మీద పప్పు మాడుతుంది" అని పెట్టేస్తావు. మీ హాస్టల్ వంటింట్లో ఆ పప్పు నువ్వు ఇల్లు విడిచి వెళ్ళిన మూడేళ్ళ నుంచీ మాడుతూనే ఉంది. కాగితమైతే చింపినా చదివాకే చింపుతావు. అందుకే రాస్తున్నాను.

పోయిన వారం మన చర్చిలో ఉజ్జీవ కూటాలు పెట్టుకున్నాం. చివరి రోజు వాక్యం చెప్పి, ప్రభువు పిలుస్తున్నాడు, ముందుకు రండి అన్నాను. వెనక చెప్పులు విడిచే చోటు నుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. దగ్గరికొచ్చేదాకా నేను గుర్తుపట్టలేదు. మీ ఆయన జీవరాజు! ఏళ్ళుగా గుడి మెట్టెక్కనివాడు, చెరుకు ట్రాక్టరు దిగితే కల్లు దుకాణం తప్ప వేరే దారి ఎరగనివాడు, వచ్చి నా కాళ్ళ దగ్గర మోకరించాడు. "అయ్యగారూ, నా పెండ్లాన్ని కొట్టిన. నా బిడ్డ సూస్తుండంగ కొట్టిన. నాసుంటోన్ని దేవుడు మాఫ్ చేస్తడా?" అని పసివాడిలా ఏడ్చాడు. "చేస్తడు కాదు జీవరాజు, గిప్పుడే చేసిండు" అన్నాను. చర్చి అంతా లేచి నిలబడి పాడింది.

ఆ రోజు నుంచి అతను చుక్క ముట్టలేదు. ఇంత పెద్ద అద్భుతం నా పాస్టరు జీవితంలో నేను చూడలేదు.

చెల్లె, దేవుడు అతన్ని నీతిమంతుడిగా తీర్చాడు. ఇది నేను కల్పించి చెప్పేది కాదు, మన విశ్వాసానికి పునాదే అది. మనిషి చేసిన మంచి చెడ్డలు తూకం వేసి కాదు, క్రీస్తును బట్టి దేవుడు తీర్పు చెబుతాడు. పై కోర్టు కొట్టేసిన కేసును నువ్వు కింద ఇంకా ఎన్నాళ్ళు నడుపుతావు? మీ అత్త శారమ్మ ముసలిదైపోయింది. నిన్ను అడుగుతూ ఉంటుంది. నీ ఇంటికి నువ్వు తిరిగి రా.

నీ అన్న,
శాంతి కుమార్


నిజామాబాదు,
సెప్టెంబరు 19.

అన్నకు,

చదివాను. చింపలేదు. చింపాలనిపించింది మాత్రం నిజం.

హాస్టల్ వంటింట్లో నిలబడే చదివాను. నీతిమంతుడు అన్న మాట దగ్గరికొచ్చేసరికి బియ్యం బస్తా మీద కూలబడిపోయాను. ఆ పూట అన్నం మెత్తగా జావైపోయింది. ఆడపిల్లలంతా "ఆంటీ, ఇయ్యాల గటక చేసినవా?" అని ఒకటే నవ్వు. నువ్వు రాసింది వాళ్ళకేం తెలుసు!

నీతిమంతుడు! అన్నా, ఆ మాట రాసేటప్పుడు నీ కలం ఒక్కసారైనా ఆగలేదా? నా కుడి చేతి మణికట్టు చూస్తే ఆగేది. ఇవాళ్టికీ చపాతీ పిండి పిసకాలంటే ఎడమ చేత్తోనే పిసుకుతాను. ఆ మణికట్టు విరిగిన నాడు కెజీయా గోడకు అతుక్కుపోయి నిలబడింది. అత్తమ్మ పక్క గదిలోనే ఉంది. టీవీ సౌండు పెంచుకుంది. ప్రతిసారీ అంతే. ఆమె చెయ్యి నా మీద ఏనాడూ పడలేదు, నిజం చెప్పాలి. రిమోటు మీద పడేది. నన్ను కొట్టినవాడి మీద కన్నా, వింటూ కూర్చున్న ఆమె మీదే నాకు కడుపు మంట. ఆమె నన్ను అడుగుతోందట! దేనికో?

నా ముఖం చూసి మా ఇంటి ఓనరు భూమవ్వ, చేట ముందు పెట్టుకుని బీడీలు చుడుతూ, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది. ఎవరూ పోలేదు, మా ఆయన నీతిమంతుడయ్యాడట అని చెప్పాను. అదేమిటని అడిగితే నువ్వు రాసినంత మేరకు విడమరిచాను. ఆమె దారం తెంపి, కాసేపు ఆలోచించి, "మీ దేవుడు మంచోడే బిడ్డా. గని గాయినకేంది, ఆనితోని కాపురం చేసేది నువ్వాయె" అంది.

నవ్వకు. ఆమె అడిగిందే నేనూ అడుగుతున్నాను. దేవుడు క్షమించడం దేవుడి పని. ఆయన ఎవరిని క్షమిస్తాడో నన్ను అడగనక్కర్లేదు. కానీ క్షమాపణ పొందినవాడు, మారినవాడు ఒకడేనా? పాస్టరువి నువ్వు. నాకు తెలిసేలా చెప్పు. నా బిడ్డను చెయ్యి పట్టుకుని ఆ గడప దాటించాలా వద్దా అన్నది నీ జవాబు మీదే ఉంది. కూటాల్లో చెప్పినట్టు కాకుండా చెప్పు.

ఎస్తర్


ఎడపల్లి,
అక్టోబరు 6.

ప్రియమైన చెల్లె,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. ఆమె నీ పక్షమే. ఇంట్లో కూడా నాకు దిక్కు లేదు.

నువ్వు అడిగింది మంచి ప్రశ్న. బైబిలు కాలేజీలో మాకు దీని మీద ఒక ఏడాదంతా పాఠం చెప్పారు. ఇవి రెండు వేర్వేరు మాటలు. నీతిమంతుడిగా తీర్చబడటం అనేది తీర్పు. న్యాయాధిపతి నోట ఒక్క మాట, ఒక్క క్షణం. అది మన లోపల జరిగేది కాదు, మన గురించి దేవుని దగ్గర జరిగేది. పరిశుద్ధపరచబడటం వేరు. అది మన లోపల జరిగేది. కోపం, నోరు, చెయ్యి, అలవాటు, అన్నీ రోజురోజుకూ ప్రభువు చేతిలో మారుతూ రావడం. దానికి జీవితమంతా పడుతుంది. నాకూ ఇంకా పూర్తి కాలేదు, మీ వదినను అడుగు.

అయితే ఒకటి. మొదటిది నిజంగా జరిగితే రెండోది దానంతటదే వస్తుంది. చెట్టుకు నీళ్ళు పోశాక కాయ కాయమని ఎవరూ బతిమాలరు. జీవరాజును చూస్తే నీకే తెలుస్తుంది. ఆదివారం అందరికన్నా ముందే వచ్చి చాపలు దులిపి పరుస్తాడు. నేను ప్రతి గురువారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెడుతున్నాను. ఎంత చక్కగా ప్రార్థిస్తాడో! అత్త చాయ్ పోసి, ఓ మూలన కూర్చుని, ప్రార్థన అయ్యేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంటుంది. కొడుకు దక్కాడన్న సంతోషం.

ఇప్పుడు చెప్పబోయే దానికి కోప్పడకు. వచ్చే నెల రెండో ఆదివారం మన చర్చిలో కోత పండుగ. నీకు తెలిసిందే, ఇంటింటి వాళ్ళూ కొత్త వడ్లు, మక్కలు, గుమ్మడికాయలు, చెరుకు గడలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వేలం పాట, భోజనాలు. మొదటి గంప తెచ్చే ఇంటిని ముందుగానే సంఘానికి చెప్పడం మన ఆనవాయితీ. పోయిన ఆదివారం ప్రకటనల్లో, ఈసారి మొదటి గంప జీవరాజు, ఎస్తర్ దంపతులు తెస్తారని చెప్పేశాను. ముందు నిన్ను అడగవలసింది. ఉత్సాహంలో నోటికొచ్చేసింది. అందరూ ఎంత చప్పట్లు కొట్టారో! జీవరాజు నీకోసం చీర కూడా కొన్నాడు.

నన్ను తలదించుకునేలా చెయ్యవు కదా?

నీ అన్న,
శాంతి కుమార్


నిజామాబాదు,
అక్టోబరు 14.

అన్నా!

మైకులో చెప్పావా? నా కాపురాన్ని, వేలం పాట గుమ్మడికాయలతో కలిపి, మైకులో చెప్పావా?

నీ ఉత్తరం కన్నా ముందే నాకు లత ఫోన్ వచ్చింది, మీ చర్చిలో పాటలు పాడే పిల్ల. "వదినా, పండుగనాడు ఏ రంగు చీర కట్టుకుంటవ్? మేమంత గదే రంగు కట్టుకుందామనుకుంటున్నం" అంది. రంగేంటి, పండుగేంటి అని అడిగి అడిగి తెలుసుకున్నాను. నా ఇంటికి నేను తిరిగి వెళ్తున్నానన్న సంగతి ఎడపల్లి అంతటికీ తెలిశాక చివర నాకు తెలిసింది.

ఇప్పుడు వెళ్ళకపోతే నేను రాక్షసిని. దేవుడే క్షమించాడు, ఈమెకేం పొగరు అంటారు. నన్ను ఇరికించావన్నా. చిన్నప్పుడు నన్ను జామచెట్టు ఎక్కించి కింద నుంచి నిచ్చెన తీసేసేవాడివి. పాస్టరువైనా అదే బుద్ధి.

నువ్వు రాసిన రెండు మాటలూ నాకు బాగానే అర్థమయ్యాయి. మొదటిదాన్ని నేను కళ్ళతో చూడలేను, అది దేవుడికీ అతనికీ మధ్య. రెండోది మాత్రం కనబడుతుంది. అది ఇంట్లో కనబడుతుంది, చర్చిలో కాదు. చాపలు దులపడం కాదు నాకు కావలసింది.

ఈ గొడవంతా కెజీయా వింది. "అమ్మా, డాడీ మంచిగైండా?" అని అడిగింది. అడుగుతున్నప్పుడు దాని కళ్ళలో ఉన్న ఆశ చూసి నాకు ఏడుపొచ్చింది. దానికి తండ్రి కావాలి. నాకూ కావాలి అన్నా, నేనేం కొయ్యను కాదు. అతను నిజంగా మారితే మొదటి గంప కాదు, పది గంపలు నా నెత్తిన మోసుకొస్తాను.

అందుకే స్వయంగా వెళ్ళి చూస్తాను. ఎప్పుడు వెళ్తానో చెప్పను. చెబితే నువ్వు అదీ ప్రకటనల్లో చదువుతావు.

ఎస్తర్


నిజామాబాదు,
అక్టోబరు 30.

అన్నకు,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఈ ఉత్తరం వదినతో కూడా చదివించు, కానీ ముందు నువ్వు ఒక్కడివే చదువు.

దీపావళికి హాస్టల్ పిల్లలు ఊళ్ళకు వెళ్ళారు. కెజీయాను భూమవ్వ దగ్గర ఉంచి బోధన్ బస్సెక్కాను. ఎడపల్లిలో దిగి, మీ ఇంటి వైపు రాకుండా చెరుకు తోటల పక్క నుంచి నేరుగా మా వాడకు వెళ్ళాను.

జీవరాజు వాకిట్లో ట్రాక్టరు టైరు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. నన్ను చూసి సబ్బు నురగతోనే లేచి నిలబడ్డాడు. వాసన లేదు. కళ్ళు ఎర్రగా లేవు. తనే కుర్చీ తెచ్చి వేశాడు, తనే మంచినీళ్ళు ఇచ్చాడు. "మంచిగున్నవా? బిడ్డ ఎట్లున్నది? చదువుతున్నదా?" అని అడిగాడు. నా చెయ్యి చూసి తల దించుకున్నాడు. అన్నా, దాచడమెందుకు, నా మనసు కరిగిపోయింది. నువ్వు రాసిందంతా నిజమేనని, నేనే పాపాత్మురాలినని అనుకున్నాను. కోడి తెస్తానని అతను సైకిలేసుకుని వెళ్తుంటే, కెజీయాను ఏ బడిలో చేర్పించాలా అని కూడా ఆలోచించాను.

అత్తమ్మ చాయ్ పెడుతోంది. అంత ఉక్కలో కొంగు మణికట్టు దాకా చుట్టుకుని ఉంది. గిన్నె దించబోతే చెయ్యి నిలవక జారింది. పట్టుకోబోయి కొంగు లాగాను. భుజం నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయి ఉంది, అన్నా. నాలుగు వేళ్ళ అచ్చు. పైన ఒకటి, పాతబడి పసుపు రంగుకు తిరిగింది. కింద ఒకటి, నిన్న మొన్నటిది.

"ఏమైంది అత్తమ్మా?"

"బాయి కాడ జారి పడ్డ."

ఆ ఇంటికి నల్లా ఉంది. ఆ వాడలో బావే లేదు. ఆమె నా ముఖం చూసింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో, పొయ్యి వైపు తిరిగి, నాకు వీపు పెట్టి చెప్పింది.

"తాగుతలేడు బిడ్డా. అయ్యగారు చెప్పింది నిజమే. తాగకుండనే కొడ్తుండు. తాగినప్పుడైతే ఏం చేస్తున్నడో ఆనికే తెల్వకపోవు. గిప్పుడు మంచిగ సోయి మీదనే కొడ్తుండు. కొట్టినంక మోకాళ్ళ మీద కూసుంటడు. నన్ను గుడ పక్కపొంటి కూసోవెట్టుకొని ప్రార్థన చేస్తడు. ఆమెన్ అను అంటడు. అంటున్న."

నేను అలాగే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళూ కల్లును తిట్టాం, దుకాణాన్ని తిట్టాం, నువ్వూ నేనూ. మనిషిని చూడలేదు. మన పిచ్చి ఇంతా అంతా కాదు.

నాతో రమ్మన్నాను. రానంది. "కోత పండుగ ముందటేసుకొని గిదేం లొల్లి? అయ్యగారి ఇజ్జత్ పోతది" అంది. నీ ఇజ్జత్ కోసం ఆమె ఆ ఇంట్లో ఉంది అన్నా. గురువారం నువ్వు ప్రార్థిస్తుంటే ఆమె ఎందుకు కళ్ళు తుడుచుకుంటుందో నాకు ఇప్పుడు తెలిసింది.

కోడి రాకముందే నేను బస్సెక్కేశాను. అతన్ని అడుగు. మైకులో కాదు, ఎదురుగా కూర్చుని అడుగు.

ఎస్తర్


ఎడపల్లి,
నవంబరు 26.

చెల్లె,

ఇంతకాలం రాయలేకపోయాను.

నీ ఉత్తరం చేరిన రోజే వెళ్ళాను. వాడు అబద్ధమాడతాడనుకున్నాను. ఆడి ఉంటే బాగుండేది. సిగ్గుపడతాడనుకున్నాను, అదీ లేదు. నెమ్మదిగా, నాకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "అవ్ అయ్యగారూ, చెయ్యి లేస్తున్నది. గని ఎంబడే ఒప్పుకుంటున్న. దేవుడు ఎంబడే మాఫ్ చేస్తుండు. ఒక్క క్షణంల అయిపోతదని మీరే చెప్పిండ్రు గద."

ఎస్తర్, అవి నా మాటలే. నేను ఆ మాటలు చెప్పినప్పుడు ఏడ్చిన మనిషి, వాటిని పట్టుకుని తన తల్లిని కొడుతున్నాడు. ఇన్నేళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను. తీర్పు గురించి ఎంత బాగా చెబుతానో బోధన్ దాకా పేరుంది. తీర్పు తర్వాత మనిషి మారాల్సిన సంగతి మాత్రం ఒక్కనాడూ నొక్కి చెప్పలేదు. చెబితే కూటాల్లో జనం ముందుకు రారు కదా. దానంతటదే వస్తుందని నీకు రాసింది కూడా నేనే. మీ వదిన ఆ ఉత్తరం పోస్టులో వెయ్యొద్దంది. వినలేదు.

పండుగ గురించి నువ్వు వినే ఉంటావు. నా నోటితో కూడా విను. బలిపీఠం ముందు మొదటి గంప కోసం చోటు ఖాళీగా ఉంచారు. చర్చి నిండిపోయింది. జీవరాజు తెల్ల చొక్కా వేసుకుని, గంప నిండా కొత్త వడ్లు పోసి, నీకోసం గుమ్మం దగ్గర చూస్తూ నిలబడ్డాడు. నేను లేచి, "ఎస్తర్ వస్తలేదు. ఆమెను అడగకుంటనే నేను మీకు చెప్పిన. తప్పు నాది" అన్నాను. గుసగుసలు మొదలయ్యాయి. జీవరాజు అక్కడి నుంచే అరిచాడు. "అయ్యగారూ, అంటే నన్ను దేవుడు మాఫ్ చెయ్యలేదా? గా మాట సెప్పు అందరి ముందల!"

క్షమించలేదని చెప్పడానికి నేనెవరిని? "చేసిండు. గా మాట నేను ఎనక్కి తీసుకోను జీవరాజు. గని మీ అవ్వ ఇయ్యాల నీ ఇంటికి రాదు" అన్నాను.

చర్చి అట్టుడికిపోయింది. మన సంఘం పెద్ద రాజ్ కిరణ్ లేచి, ఇంటి గొడవలు పండుగనాడు గుడిలోకి తెస్తావా అని నా మీదికి వచ్చాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి శారమ్మత్త లేచింది. కొంగు తీసి రెండు చేతులూ చాపింది. అందరూ చూశారు. రాజ్ కిరణ్ కూర్చున్నాడు. పాటలు పాడే పిల్లలు ఏడ్చేశారు. జీవరాజు గంప అక్కడే వదిలేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. వేలం పాట జరగలేదు. వండిన అన్నం సగం మిగిలిపోయింది.

అత్త ఇప్పుడు మా ఇంట్లో ఉంది. కానీ అతను రోజూ సాయంత్రం గేటు దగ్గరికొచ్చి "అవ్వా" అని తల్లిని పిలుస్తాడు. పిలిస్తే చాలు, ఈమె లేచి చెప్పులు వేసుకుంటుంది. మీ వదిన అడ్డం నిలబడి ఆపుతోంది. ఠాణాకు వెళ్దామంటే అత్త వద్దని చేతులు జోడించింది. ఎన్నాళ్ళు ఆపగలం? ఆ పిలుపు వినబడని చోటికి ఆమెను పంపాలి.

నేను ఇప్పటికీ గురువారం అతని ఇంటికి వెళ్తున్నాను. పాటలు పాడటం మానేశాను. ఎదురుగా కూర్చుని, "గీ వారం చెయ్యి లేసిందా?" అని అడుగుతాను. మొదటిసారి తలుపు తియ్యలేదు. వాకిట్లోనే కూర్చుని వచ్చాను. వచ్చే గురువారం మళ్ళీ వెళ్తాను.

నిన్ను ఒకటి అడగాలి. ఈసారి ఎవరికీ చెప్పకముందే నిన్ను అడుగుతున్నాను, వద్దంటే నొచ్చుకోను. ఆమె నీకు చేసింది నాకు తెలుసు. నీ దగ్గర కొన్నాళ్ళు ఉంచుకుంటావా?

శాంతి కుమార్


నిజామాబాదు,
డిసెంబరు 20.

అన్నా,

ఫోన్లో "పంపించు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసినప్పుడు నువ్వు ఏడ్చావని వదిన చెప్పింది. నేనూ నా గురించి చాలా గొప్పగా అనుకున్నాను. ఇది చదివాక నీ ఏడుపు వెనక్కి తీసుకుంటావేమో.

బస్టాండులో అత్తమ్మ దిగగానే, అంతమంది జనంలో, నా కాళ్ళ మీద పడబోయింది. "టీవీ సౌండు వెంచిన బిడ్డా. నాకు ఇనవడ్డది. అన్నిసార్లూ ఇనవడ్డది. మాఫ్ చెయ్యి" అంది. పట్టుకుని లేపాను. "పోనియ్యి అత్తమ్మా" అన్నాను. నోటితో అన్నది కాదన్నా. నిజంగానే పోయింది. ఇన్నేళ్ళ కడుపు మంట ఆ బస్సు పొగలో కలిసిపోయినట్టు తేలికైపోయాను. ఆమెకు వేడివేడి మిర్చి బజ్జీలు కొనిపెట్టాను. ఇద్దరం బెంచీ మీద కూర్చుని తిన్నాం. క్షమించడం ఇంత సులువా అని ఆశ్చర్యపోయాను.

తర్వాత ఇంటికి తీసుకొచ్చాను. ఒకటే గది. ఆమె దగ్గు, ఆమె గురక. కూరలో ఉప్పు చాలదంటుంది. నేను హాస్టల్లో అంతమందికి వండి వచ్చేసరికి, నా పొయ్యి మీద ఆమె గిన్నె ఉంటుంది. భూమవ్వతో మాత్రం జోడీ కుదిరింది. ఇద్దరూ చేటలు ముందేసుకుని బీడీలు చుడుతూ ప్రపంచాన్నంతా తిడతారు. నేను పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటూ వచ్చాను. రోజూ ప్రార్థన చేశాను.

నిన్న సాయంత్రం వచ్చేసరికి కెజీయా ముఖం కడుక్కోకుండా, ఏడ్చిన కళ్ళతో కూర్చుని ఉంది. ఏమైందని అడిగితే చెప్పలేదు. అత్తమ్మే చెప్పింది, మామూలుగా, చేటలో బియ్యం చెరుగుతూ. "ఏం లేదు. మీ అమ్మ గంత జల్ది ఇల్లిడిసి రాకుండుంటే మీ బాపు గిట్ల కాకపోవు అన్న. ఉన్నదే అన్న."

నేను అప్పుడు అన్నం వడ్డిస్తున్నాను. చేతిలో ఇనుప గరిటె ఉంది.

అన్నా, నా చెయ్యి లేచింది.

ఎలా లేచిందో నాకు తెలియదు. నేను లేపలేదని చెప్పాలనిపిస్తుంది, కానీ లేపింది నేనే. అత్తమ్మ నన్ను చూడను కూడా లేదు. చేట వదిలేసి, తల వంచి, రెండు మోచేతులూ తల మీదికి తెచ్చుకుని ముడుచుకుపోయింది. అరవలేదు. ఊపిరి బిగబట్టి దెబ్బ కోసం ఎదురుచూసింది. ఆ ముడుచుకోవడం నాకు తెలుసు. ఎడమ మోచెయ్యి ముందుకు పెట్టాలి, చెవి మీద పడకుండా. నేను ఏళ్ళ తరబడి అలాగే ముడుచుకున్నాను.

కెజీయా లేచింది. నన్ను ఆపడానికి వస్తుందనుకున్నాను. అది నా పక్క నుంచి వెళ్ళి, బయటివాళ్ళకు వినబడకుండా తలుపు దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టింది. నా బిడ్డ అన్నా. పదకొండేళ్ళది. ఎవరూ చెప్పకుండానే పెట్టింది.

గరిటె నేల మీద పెట్టాను. గొళ్ళెం నేనే తీసి తలుపు బార్లా తెరిచాను. అత్తమ్మ చేతులు వెంటనే దించలేదు. కొట్టనని నేను చెప్పాను, ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

పదహారేళ్ళప్పుడు నేను మోకరించిన నాడు, దేవుడు నన్ను నీతిమంతురాలిగా తీర్చాడని మన నాన్న చెప్పాడు. ఆ మాట మీద నాకు అనుమానం లేదు. నిన్న ఆ గరిటె ఎత్తి నిలబడినప్పుడు కూడా ఆ తీర్పు అలాగే ఉందని నమ్ముతున్నాను. నాకు దేవుడంటే భయం వెయ్యడం లేదన్నా. నా చెయ్యంటే వేస్తోంది.

ఇవాళ పొద్దున ఆమెకు చాయ్ ఇస్తుంటే, గ్లాసు అందుకునే ముందు నా రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకుంది.

జీవరాజును గురువారం గురువారం ఒక మాట అడుగుతున్నావు కదా. అక్కడి నుంచి ఇంటికి పోయాక నాకు ఫోన్ చేసి, నన్ను కూడా అదే అడుగు. కెజీయా పక్కనే ఉంటుంది. అది వినేలా, గట్టిగా జవాబు చెబుతాను.

ఎస్తర్